నాలుక పాఠం చెప్పబోయే ముందు

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

తొమ్మిదో తరగతి పిల్లల చేత జ్ఞానేంద్రియాల పాఠంలో రుచుల ప్రయోగం చేయించబోతున్నావనీ, గోడకు తగిలించడానికి నాలుక పటం కూడా గీశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాఠాన్ని పుస్తకంలోంచి చదివి వదిలేయకుండా పిల్లల నోటికే అప్పగించాలని నీకు తోచినందుకు ఎంత గర్వపడ్డానో, పటం మాట విని అంత కంగారుపడ్డాను. కొనలో తీపి, దాని పక్కన ఉప్పు, అంచుల్లో పులుపు, వెనక చేదు అని నాలుగు రంగులు వేసిన పటమేనని నా అనుమానం. అదే అయితే అది తప్పు పటం, ప్రయోగం అయ్యేదాకా దానిని చుట్టి బీరువాలో పెట్టు.

ముందుగా చేయవలసినవి నీకు తెలిసినవే. పంచదార, ఉప్పు, నిమ్మరసం, కాకర రసం వేరువేరు గ్లాసుల నీళ్ళలో కలుపు. అయిదో గ్లాసులో వట్టి మంచినీళ్ళు ఉంచు. ఏ గ్లాసులో ఏముందో రుచి చూసేవారికి తెలియకూడదు. ప్రతిసారీ నోరు పుక్కిలించి, శుభ్రమైన గుడ్డతో నాలుక తడి అద్దాలి. లేకపోతే చుక్క లాలాజలంలో కలిసి నాలుకంతా పాకుతుంది. నాలుకను లోపలికి తీసుకోకముందే, కాగితం మీద రాసిపెట్టిన రుచుల పేర్లలో ఒకదానిని వేలితో చూపించి జవాబు చెప్పాలి.

ఇక దూది పుల్లల సంగతి. ఒకరి నోట్లో పెట్టిన పుల్లను మళ్ళీ గ్లాసులో ముంచనిచ్చావని తెలిస్తే నీతో మాట్లాడను. చేదు వెనకనే తెలుస్తుందని చెబితే పిల్లలు పుల్లను నాలుక మొదలు దాకా తోస్తారు, డోకు వస్తుంది, ఒకరిని చూసి ఒకరు బెదిరిపోతారు. కళ్ళకు గంతలు కట్టిన పిల్ల నోట్లోకి ఇంకొక పిల్ల పుల్ల తోయడం తలుచుకుంటేనే నాకు గుండె దడ. ముంచిన పుల్లను చేతికి ఇవ్వు, అద్దం చూసుకుంటూ ఎవరికి వారే పెట్టుకోవాలి. ఇది చాదస్తమని నవ్వుకున్నా సరే, పాటించు.

ఆ పటం ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలియాలి. జర్మనీకి చెందిన హేనిగ్ అనే పరిశోధకుడు నాలుక అంచు పొడవునా చుక్కలు వేసి, ఎంత పలుచని ద్రావణాన్ని ఏ చోటు గుర్తుపట్టగలదో కొలిచి 1901లో ప్రకటించాడు. తీపిని కొన, చేదును మొదలు, పులుపును అంచులు కాస్త ముందుగా పట్టాయి. ఉప్పు దగ్గర అంత తేడా కనబడలేదు. ఆ తేడాలన్నీ స్వల్పమైనవే. అమెరికాలో మనోవిజ్ఞాన చరిత్ర రాసిన ఎడ్విన్ బోరింగ్ 1942లో ఆ కొలతలను గీతల రూపంలోకి మార్చినప్పుడు, గీత ఎంత దిగితే ఎంత తేడా అన్నది చూసేవారికి అందకుండా పోయింది. గీత దిగిన చోట ఆ రుచే తెలియదని తరువాతివారు అనుకున్నారు, ఆపైన ఎవరికి వారు నాలుక మీద సరిహద్దులు గీశారు. 1974లో వర్జీనియా కాలింగ్స్ అనే పరిశోధకురాలు మళ్ళీ కొలిచి చూసి, తేడాలు ఉన్నమాట నిజమేననీ, పట్టించుకోనక్కరలేనంత చిన్నవనీ తేల్చింది. రుచిని పట్టే చిన్న మొగ్గలను రుచి కళికలు అంటారు కదా, ఒక్కొక్క రుచి కళికలో యాభై నుంచి నూరు దాకా కణాలు ఉంటాయి. వాటిలో వేరువేరు రుచులను పట్టేవి కలిసే ఉంటాయి. 1908లో జపానులో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసులో గుర్తించిన ఉమామి అనే అయిదో రుచికి ఆ పటంలో అసలు చోటే లేదు. బాగా పండిన టమాటాలో మనకు నోరూరించేది కొంత ఆ రుచే.

తప్పు పటం ఒకటి గోడ మీద ఉంటే ఏమవుతుందని అడుగుతావేమో. నేను పనిచేసిన ఒక బడిలో ఇదే ప్రయోగం జరుగుతుండగా ఒక అబ్బాయి తన నాలుక కొన మీదే కాకర చేదు తెలిసిందని రాసుకున్నాడు. పక్కనున్న ఉపాధ్యాయుడు గోడ మీది పటం చూపించి, సరిగా చూసి రాయమన్నాడు. ఆ పిల్లవాడు మళ్ళీ రుచి చూడలేదు, పటం చూసి తన మాట కొట్టివేశాడు. సాయంత్రానికి ఆ తరగతి రికార్డులన్నీ అచ్చంగా ఒక్కలాగే ఉన్నాయి. అంతమంది నోళ్ళు ఒక్కలాగే పలికాయంటే ఎవరూ రుచి చూడలేదన్నమాట. నీ తరగతిలో ఇది జరుగుతుందేమోనన్నదే నా అసలు భయం. పుల్లల భయం దీని తరువాతే.

మీ పెదనాన్నగారికి చెవి ఆపరేషను అయిన తరువాత ఇనుము నాకినట్టు ఉందని కొన్నాళ్ళు అన్నారు. నాలుక ముందున్న మూడింట రెండు వంతుల రుచిని మోసే నాడి కర్ణభేరి పక్కగా, మధ్య చెవి గుండా పోతుంది. వంటింట్లో ఉప్పునీటి పుల్ల పెట్టి చూస్తే నాలుక ముందు భాగంలో కుడి పక్క తెలిసింది, ఎడమ పక్క తెలియలేదు. ఆ మాట నేను చెప్పేదాకా ఆయన గమనించనే లేదు. పప్పులో ఉప్పు తగ్గితే మాత్రం ఒక్క పూట ఊరుకున్నవారు కారు! నాలుక వెనుక భాగానికి వేరే నాడి ఉంది, మెత్తని అంగిలి మీదా గొంతు దగ్గరా కూడా రుచి కళికలు ఉన్నాయి. ఒక చోటు మూగబోతే మిగిలినవి సర్దుకుంటాయి, మనకు మాత్రం నోరంతా రుచి నిండినట్టే అనిపిస్తుంది. ఇది పిల్లలకు తప్పక చెప్పు. నాలుక నడిమి భాగంలో రుచి కళికలు తక్కువని కూడా చెప్పు. తేడా అసలే లేదనడం ఇంకొక తప్పు అవుతుంది.

షడ్రుచుల్లో కారం, వగరు ఏవని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. పచ్చిమిర్చి తరిగిన చేతులు మండుతాయి కదా, చేతికి రుచి కళికలు లేవు. కారం వేడినీ నొప్పినీ తెలిపే నాడుల పని. నేరేడు పండు, పచ్చి అరటికాయ తిన్నప్పటి వగరు చాలా వరకు స్పర్శ, లాలాజలపు జారుడుతనం పోయి నోరు పట్టేసినట్టు అవడం. పూర్వులు నోటికి తెలిసినదంతా లెక్కపెట్టారు, కళికల లెక్క వేరు. రెండింటికీ పోటీ పెట్టవద్దు.

చివరగా పొడపత్రి ఆకు. అది నమిలితే అందులోని జిమ్నిమిక్ ఆమ్లాలు కళికల్లో తీపిని పట్టే గ్రాహకాలను కమ్మేస్తాయి, కాసేపు పంచదార ఇసుకలా పలుకుతుంది. తీపి నోరంతటా పోతుంది, ఉప్పూ పులుపూ నిలుస్తాయి. దీనిని పిల్లలకు పెట్టకు, వారి ముందు నీవే నములు. మీ హెడ్మాస్టరుగారు షుగరు మాత్రలు వేసుకునేవారైతే ఆయన ఎంత ఉత్సాహపడినా ఇవ్వకు. మా పెరటి కంచె మీద తీగ ఉంది, తమ్ముడు ఇటు వచ్చినప్పుడు ఆకులు ఇచ్చి పంపుతాను. ప్రయోగం అయిన సాయంత్రం పిల్లలు రాసిన కాగితాలను దిద్దకముందే ఫోటోలు తీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ