'కోరుతోంది' అన్న మాట దగ్గర ఆగు

తమ్ముడూ,

కచ్చతీవు మీద, అదే రామేశ్వరానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న ఆ చిన్న దీవి మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వేడి ఉంది, చదివిస్తుంది. కానీ రెండో పేరాలోనే "కచ్చతీవును వెనక్కి తీసుకోవాలని తమిళనాడు నిర్ణయించింది" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. 2025 ఏప్రిల్ 2న ఆ సభ నిర్ణయించిందేమీ లేదు. ముఖ్యమంత్రి స్టాలిన్ తీర్మానం ప్రవేశపెట్టారు, అన్నాడీఎంకే, బీజేపీ కూడా మద్దతిచ్చాయి, ఏకగ్రీవంగా నెగ్గింది. దీవిని వెనక్కి తెమ్మని ఆ తీర్మానం కేంద్రాన్ని కోరింది. అంతవరకే.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే చనువుగా చెప్తున్నాను. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసినప్పుడు నేను పత్రిక డెస్కులో ఉన్నాను. ఆ రాత్రి హడావిడిలో 'బిల్లుకు బ్రేక్' అని హెడ్డింగ్ కొట్టేశాను. పొద్దున్నే మా మేనమామ ఫోను. "అయితే ఇంక విడిపోదన్నమాటేగా? ఆ స్థలం బేరం ఆపేయమని మీ అత్తకి చెప్పేస్తున్నా" అన్నాడు. రాజ్యాంగం మూడో అధికరణ కింద సభ అభిప్రాయం చెప్పగలదే తప్ప పార్లమెంటు చేతులు కట్టేయలేదని ఆయనకు నచ్చజెప్పేసరికి నా కాఫీ చల్లారిపోయింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. ఆ హెడ్డింగ్ సంగతి మామయ్య మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనే మర్చిపోలేకపోతున్నాను.

సొంత రాష్ట్రం సరిహద్దు విషయంలోనే సభ మాటకు ఉన్న బలం అంత. ఇక విదేశాంగం, ఒప్పందాలు ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఏ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేతికొచ్చినా ముందు దాని చివరి క్రియ చూడు. 'కోరుతోంది', 'విజ్ఞప్తి చేస్తోంది' అని ఉంటే అది అర్జీ. ఏడు కోట్లకు పైగా జనం తరఫున పెట్టిన అర్జీయే కావచ్చు, అర్జీయే.

అలాగని నీ చివరి పేరాలో లాగా 'ఇదంతా ఓట్ల డ్రామా' అని తేల్చేయకు. ఎన్నికల లెక్క లేదని నేను అనను. కానీ డ్రామా అని రాసేశాక రాయడానికి ఇంకేమీ మిగలదు. 1974 జూన్‌లో ఇందిరాగాంధీ, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు, దీవి శ్రీలంక వైపు వెళ్లింది. ఆగస్టుకల్లా కరుణానిధి సభలో వ్యతిరేకంగా తీర్మానం పెట్టించారు. 1991లో జయలలిత ప్రభుత్వ హయాంలో ఆ దీవిని తిరిగి రాబట్టాలని మరో తీర్మానం వచ్చింది. ఒకరంటే ఒకరికి పడని రెండు పార్టీలు ఇన్నేళ్లుగా ఒకే అర్జీ ఎందుకు తిరగరాస్తున్నాయి? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

దానికి జవాబు వెతకాలంటే బెరుబారీ దాకా వెళ్లాలి. పశ్చిమ బెంగాల్లోని ఆ ప్రాంతంలో కొంత తూర్పు పాకిస్తాన్‌కు ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిదో సవరణ అలా వచ్చిందే. మరి కచ్చతీవుకు సవరణ ఏది? రామనాథపురం జమీందారీ కాలం నుంచీ అది మాదే, మమ్మల్ని కాదని ఇచ్చేశారు అంటుంది తమిళనాడు. ఇచ్చిందేమీ లేదు, తేలని సరిహద్దును తేల్చాం అంటుంది కేంద్రం. జయలలిత 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014లో అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ అదే కోర్టులో, ఇప్పుడు వెనక్కి కావాలంటే యుద్ధానికి వెళ్లాల్సిందే అన్న అర్థంలో చెప్పారు. సభ తీర్మానాలు ఈ వాదనతో కలిపి చదివితే 'మేం ఒప్పుకోలేదు' అని రికార్డు చేయించుకోవడంలా కనిపిస్తాయి. నాకైతే అదే వాటి అసలు పని అనిపిస్తుంది.

ఇంకో మాట. నీ వ్యాసంలో దీవి ఉంది, జెండా ఉంది, చేప లేదు. అది 285 ఎకరాలు, తాగునీరు లేదు, కాపురాలు లేవు, ఒక అంతోనియార్ చర్చి ఉంది. 1974 ఒప్పందం ఐదో అధికరణ ప్రకారం మన జాలర్లు, యాత్రికులు వీసా లేకుండా అక్కడికి వెళ్లొచ్చు. చేపల వేట మాట అందులో లేదు. 1976లో రెండు దేశాలు మార్చుకున్న లేఖలతో అటు జలాల్లో వేటకు తలుపు మూసేశారు. రామేశ్వరం బోటును శ్రీలంక నేవీ పట్టుకున్న ప్రతిసారీ కచ్చతీవు పేరు లేవడం అందుకే. దీవి రేపే చేతికొచ్చినా గొడవ అక్కడితో ఆగదు. మన మరబోట్లు సముద్రం అడుగు గీకేసే వలలతో వస్తున్నాయని అభ్యంతరం చెప్పేది ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా జాలర్లు. వాళ్లూ తమిళులే. వాళ్లకు నీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు.

'నిర్ణయించింది' కొట్టేయ్. 'భారత మాత నుదుటి కుంకుమ' అన్న పోలిక కూడా తీసేయ్, మొత్తం వ్యాసంలో నీది కాని మాట అదొక్కటే. ఆ ఖాళీలో జాఫ్నా వాళ్లని పెట్టు. ఆదివారంలోగా పంపితే సోమవారం చూస్తాను.

మీ అన్నయ్య