గేమింగ్ పీసీ లిస్టు రాసే ముందు మీ తెర వైపు చూడండి

ప్రశ్న: మేడమ్, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. దాచుకున్న డబ్బుతో మొదటి గేమింగ్ పీసీ బిల్డ్ చేసుకోవాలని వీడియోలు చూసి లిస్టు రాసుకున్నాను. రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, దానికి లిక్విడ్ కూలర్, వైఫై ఉన్న ఖరీదైన బీ550 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ముందు అద్దం, లోపల లైట్లు ఉన్న క్యాబినెట్. పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వస్తుంది. మానిటర్ ఇంట్లో ఉన్నదే, 1080పీ, 60 హెర్ట్జ్. వాలరెంట్, జీటీఏ 5 ఆడతాను. సైబర్‌పంక్ 2077 ఆడాలని ఆశ. బడ్జెట్ ఇంతకు మించి పెరగదు. సరిగ్గానే ఉందా?

జవాబు: బాబూ, మీరు లిస్టును ప్రాసెసర్ దగ్గర మొదలుపెట్టారు. డబ్బంతా అక్కడే అయిపోయి, కార్డు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన దానితో సరిపెట్టారు. అందరూ ఇలాగే చేస్తారు. నేనైతే లిస్టు కింది నుంచి పైకి రాస్తాను. ముందు తెర, తర్వాత ఆటలు, ఆ రెండింటికీ సరిపోయే గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డును ఖాళీగా కూర్చోబెట్టని ప్రాసెసర్. మిగతావన్నీ ఆ తర్వాతే.

మీ తెర 1920 × 1080, అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. ప్రతి ఫ్రేములోనూ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మలోనూ, వాటన్నిటికీ రంగు వేయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. శత్రువు ఎటు కదలాలి, బుల్లెట్ ఎక్కడ తగలాలి, నెట్ నుంచి ఏమొచ్చింది లాంటి లెక్కలు ప్రాసెసర్ పని. వాలరెంట్‌లో కార్డు మీద బరువు తక్కువ, ప్రాసెసర్ మీద ఎక్కువ. సైబర్‌పంక్‌లో కార్డు చెమటోడుస్తుంది. ఈ రెండూ ఆడాలంటే ఆరు కోర్ల రైజెన్ 5 5600 చాలు. మీ ఆటల్లో 5700ఎక్స్‌లోని అదనపు రెండు కోర్లకు పెద్దగా పని ఉండదు. పైగా 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, 5600తో వస్తుంది. రెండూ 65 వాట్ల ప్రాసెసర్లే, లిక్విడ్ కూలర్ పెట్టాల్సినంత వేడి వాటిలో పుట్టదు. అది కొట్టేయండి. వైఫై బోర్డు బదులు సాదా బీ550 తీసుకోండి. వైఫై తప్పనిసరైతే చిన్న యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోవచ్చు.

ఇలా మిగిలిన డబ్బంతా కార్డు మీదకు మళ్లించండి. టవర్‌కు (మానిటర్ కాకుండా మిగతా పీసీకి) పెట్టే మొత్తంలో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా కార్డుకే పోవాలి అన్నది నా లెక్క. 6500 ఎక్స్‌టీని నేను ఎవరికీ చెప్పను. మెమొరీ 4 జీబీయే. అది నిండితే ఆట సరుకంతా మామూలు ర్యామ్‌లోంచి రావాలి. వచ్చే దారి కూడా ఇరుకు, ఆ కార్డును బోర్డుతో కలిపే పీసీఐ లేన్లు, అంటే డేటా దారులు, నాలుగే. అందుకే సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట తడబడుతుంది. వీడియోను కుదించి రాసే ఎన్‌కోడర్ కూడా లేదు కాబట్టి ఆట రికార్డు చేస్తే ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. దాని బదులు 8 జీబీ ఉన్న ఆర్ఎక్స్ 6600, లేదా ఆ స్థాయి కార్డు ఏది చౌకగా దొరికితే అది చూడండి. 1080పీలో సైబర్‌పంక్ సెట్టింగులు మధ్యస్థంగా పెట్టుకుని, రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా లెక్కగట్టే బరువైన సెట్టింగు) జోలికి పోకుండా హాయిగా ఆడొచ్చు.

ఇంకా తగ్గించాలని రైజెన్ 5 5500 వైపు చూస్తారేమో. పేరులో తేడా చిన్నదే గానీ కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమొరీ) 32 నుంచి 16 ఎంబీకి పడిపోతుంది, పీసీఐ 4.0 బదులు పాత తరం 3.0 వస్తుంది. 6600తో అయితే సర్దుకుపోవచ్చు. 6500 ఎక్స్‌టీతో జత చేస్తే మాత్రం ఆ నాలుగు లేన్ల వేగం కూడా సగమవుతుంది.

ర్యామ్ 16 జీబీ సరే, కానీ 8 జీబీవి రెండు తీసుకోండి. ఒకే స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు ఉన్న రెండు ఛానెళ్లలో ఒకటి ఊరికే ఉంటుంది, ప్రాసెసర్ మీద బరువు పడే ఆటల్లో అది బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండోది, నాలుగోది వాడండి. తర్వాత బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయండి. చేయకపోతే 3200 అని డబ్బు పెట్టి కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే వాడేస్తున్న వాళ్లను చూశాను.

ఇక ఆ ఫ్రీ పవర్ సప్లై. మీ లిస్టులో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది అదొక్కటే. వీడియోల్లో గ్రాఫిక్స్ కార్డును చేతిలో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూపిస్తారు, పవర్ సప్లైని తిప్పి చూపించేవాళ్లు అరుదు. మీరు తిప్పి చూడండి. పక్కన అంటించిన లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. డబ్బా మీద 450 వాట్లని రాసి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే, ప్రాసెసర్‌కూ కార్డుకూ నిజంగా అందేది 216 వాట్లు. ప్రాసెసర్ బూస్ట్‌లో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 76 వాట్ల దాకా తాగుతుంది, 6600 కార్డు 132, మిగతావన్నీ కలిపి 50 వేసుకున్నా 250 దాటింది. అక్కడే తేలిపోయింది కదా. పేరున్న కంపెనీది 550 వాట్లది, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. రేపు ఇంకాస్త పెద్ద కార్డు పెట్టినా దాన్ని మార్చక్కర్లేదు. 80 ప్లస్ ముద్ర చూసి ఆగిపోకండి. అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే, లోడు మించితే సప్లై తనంతట తాను ఆగిపోతుందా అన్నది ఆ ముద్ర చెప్పదు. నాసిరకం సప్లై పోతూ పోతూ బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు.

క్యాబినెట్ లైట్ల మీద నాకేమీ కోపం లేదు, ముందున్న అద్దం మీదే. గాలి లోపలికి పోవాలి, ముందు వైపు జల్లెడలాంటి జాలీ ఉన్నది చూసుకోండి. డబ్బు మిగిలితే ఎస్ఎస్‌డీని 1 టీబీ చేయండి, జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ దాటుతుంది.

మానిటర్ ప్రస్తుతానికి ఉన్నదే చాలు. కాకపోతే ఒకటి తెలిసి ఉండండి. వాలరెంట్‌లో మీ పీసీ సెకనుకు 200 ఫ్రేములు తీసినా ఆ తెర చూపించేది 60 సార్లే, ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 144 హెర్ట్జ్ తెర మీదైతే 6.9 మాత్రమే. తర్వాత చేతికొచ్చే డబ్బు దానికే పెట్టండి, ఇంకో కార్డుకు కాదు.

ఈ రైజెన్‌లు, బీ550 బోర్డు వాడే ప్రాసెసర్ సాకెట్ ఏఎం4 పాతబడిపోయింది కదా అని ఎవరైనా అంటారు. నిజమే, అది 2017లో తొలి రైజెన్‌లతో జనంలోకి వచ్చిన సాకెట్. 2022లో వచ్చిన ఏఎం5 అయితే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలు ఎక్కువ. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పదు, బోర్డు ఖర్చూ ఎక్కువే. ఆ తేడా కోసం కార్డును తగ్గించుకోవాల్సి వస్తే ఏఎం4 దగ్గరే ఆగండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నాడు. గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడు. ఇప్పుడు సగం డబ్బే సర్దగలను. గ్రాఫిక్స్ కార్డు ఏడాది తర్వాత కొంటే అప్పటిదాకా కంప్యూటర్ పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుందమ్మా, ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు పేరు చివరి అక్షరం చూసుకుంటే. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉన్నవి, ఐ5 12400ఎఫ్ లాంటివి, కార్డు లేకుండా తెర మీద ఏమీ చూపించలేవు. కొంచెం చౌక అని షాపులో ముందు అవే చూపిస్తారు. మీకు కావలసింది ఏఎండీలో ‘జీ’ ఉన్నది. రైజెన్ 5 5600జీ తీసుకుంటే చదువు పనులన్నీ అవుతాయి, వాలరెంట్ లాంటి తేలిక ఆటలూ నడుస్తాయి. పెద్ద ఆటలు మాత్రం కార్డు వచ్చేదాకా ఆగాల్సిందే. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, మామూలు ర్యామే వాడుకుంటుంది. కాబట్టి రెండు స్టిక్కులు పెట్టించడం పైన చెప్పిన అబ్బాయి కంటే మీకు ఇంకా ముఖ్యం. పవర్ సప్లై మాత్రం ఇప్పుడే కార్డుకు సరిపడేది కొనేయండి, రెండుసార్లు ఖర్చు తప్పుతుంది.

కార్డు ఎప్పుడో ఒకప్పుడు కొంటామనే మాట ఉత్తదే అయితే 5600జీ బదులు, ఏఎం5లో రైజెన్ 5 8600జీ గురించి ఆలోచించండి. దాని లోపలి గ్రాఫిక్స్ బాగా బలమైనది, కానీ డీడీఆర్5 ఖర్చు కలుస్తుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కార్డు కొనొచ్చా? క్రిప్టో మైనింగ్‌లో వాడినవి పోతాయంటారు.

జవాబు: కొనొచ్చు. తక్కువ బడ్జెట్‌లో చాలాసార్లు అదే సరైన దారి. మైనింగ్ అనగానే భయపడక్కర్లేదు, ముందు అరిగిపోయేవి ఫ్యాన్లు, ఎండిపోయేది చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు. రెండూ మార్చుకోదగ్గవే. నాకు అంతకంటే ఎక్కువ అనుమానం పేర్ల మీద. ఆర్ఎక్స్ 580 అని అమ్మేవాటిలో ‘2048ఎస్‌పీ’ రకం ఒకటి ఉంది. అసలు 580లో షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 2304, ఇందులో 2048, అంటే లోపల ఉన్నది దాదాపు దానికంటే కింది ఆర్ఎక్స్ 570. ఇంకా ఘోరం, 2010 నాటి జీటీఎస్ 450 చిప్పుకు బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అంటగట్టడం. అమ్మేవాళ్ల కంప్యూటర్‌లోనే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి చూడండి, ఇలాంటి నకిలీ ఎన్విడియా కార్డులను అది పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత ఏదైనా బరువైన ఆట పావుగంట ఆడించి, చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్ గరగరమంటోందా, వేడి ఆగకుండా ఎక్కుతోందా గమనించండి. ఇందుకు ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకండి. పవర్ సప్లై మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

ప్రశ్న: బాటిల్‌నెక్ (ఏ భాగం మిగతావాటిని వెనక్కి లాగుతోందో) లెక్కగట్టే సైటులో నా ప్రాసెసర్, కార్డు పెడితే 20 శాతానికి పైగా చూపిస్తోంది. ప్రాసెసర్ మార్చాలా?

జవాబు: ఆ అంకెను పట్టించుకోకండి. ఒకే పీసీలో ఒక ఆటకు ప్రాసెసర్ అడ్డం, ఇంకో ఆటకు కార్డు అడ్డం. అన్నిటికీ కలిపి ఒక శాతం ఎక్కడిది? ఫ్రేముల పరిమితి, వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగు) తీసేసి, మీరు ఆడే ఆటలో కార్డు వాడకం ఎంతో చూడండి. 95 శాతం దాటి ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తోంది, ప్రాసెసర్ జోలికి పోకండి. 60, 70 దగ్గర ఆగిపోయి, ఫ్రేములూ మీకు చాలకపోతే, అప్పుడు ఆలోచిద్దాం.

ప్రశ్న: కొత్త పీసీ బిగించాం, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. ఐ5 12400ఎఫ్, ఆర్టీఎక్స్ 3050.

జవాబు: హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు పెట్టి ఉంటారు. తీసి కింద ఉన్న కార్డుకు పెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డు మీది పవర్ కనెక్టర్, ర్యామ్ రెండు చివరలా క్లిక్‌మని కూర్చుందా చూడండి.

ప్రశ్న: ఆఫీసులో తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ దొరికింది, ఐ5 8500, 8 జీబీ ర్యామ్. కార్డు పెడితే గేమింగ్‌కు పనికొస్తుందా?

జవాబు: అదృష్టం, పనికొస్తుంది. ఆరు కోర్లు ఉన్నాయి, విండోస్ 11 కూడా అధికారికంగా ఎక్కుతుంది. అదే ఐ5 6500 అయి ఉంటే నాలుగు కోర్లే, విండోస్ 11 జాబితాలోనూ లేదు, వద్దనేదాన్ని. చిక్కల్లా పవర్ సప్లై దగ్గరే. ఇలాంటి వాటిలో అది చిన్నది, కార్డుకిచ్చే వైరు ఉండదు, చాలావాటిలో బోర్డు కనెక్టరే వేరు కాబట్టి మామూలు సప్లై బిగదు. పీసీఐ స్లాటు నుంచి కార్డుకు 75 వాట్ల దాకా అందుతాయి. ఆ లోపల నడిచేవే చూడండి. జీటీఎక్స్ 1650లో వైరు అడగని రకాలు, లేదా 70 వాట్ల ఆర్టీఎక్స్ 3050 6 జీబీ. పేరు ఒకటే అయినా 8 జీబీ 3050 వేరు, దానికి 130 వాట్లు కావాలి. మీ పెట్టె సన్నగా ఉండే రకమైతే లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తున్న) కార్డే పడుతుంది. కొనే ముందు మూత తీసి స్కేలుతో కొలవండి, పొడవు కూడా. ఇంకో 8 జీబీ స్టిక్ వేయండి.

హార్డ్ డిస్కే ఉంటే దాన్ని ఫైళ్లకు వదిలేసి, విండోస్, ఆటలు సాటా ఎస్ఎస్‌డీ మీద పెట్టుకోండి.