టెక్ సందేహాలు: కొత్త మెకానికల్ కీబోర్డులో మీటమీటకీ తేడా ఎందుకు?

బరంపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్న పాఠకుడొకరు ఇలా రాశారు: "తెలుగు, ఒడియా రెండింటిలోనూ రోజంతా టైపు చేసే పని మాది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, దరఖాస్తులు ఎక్కువ. పాత కీబోర్డు అరిగిపోవడంతో బ్రౌన్ స్విచ్‌లున్న 87 మీటల మెకానికల్ కీబోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్ని మీటలూ ఒకేలా లేవు. డి, ఇ మీటలు గరగరలాడుతున్నాయి. కె, ఎల్ నున్నగా దిగుతున్నాయి. ఎఫ్ పక్కవాటికన్నా కాస్త ఎత్తుగా కనిపిస్తోంది. షిఫ్ట్ బరువుగా ఉంది. స్పేస్‌బార్‌ను ఎడమ కొసన నొక్కితే లొడలొడమంటోంది. ఇది సరుకులో లోపమా, వాడగా వాడగా సర్దుకునేదా? వాపసు పంపడానికి కొద్ది రోజుల గడువే మిగిలింది."

మీరు చెప్పిన లక్షణాలన్నిటికీ ఒకే కారణం లేదు. వాటిలో కొన్ని ఈ రకం కీబోర్డులకు సహజమైనవి, కొన్ని చేత్తో సరిచేసుకోదగినవి, ఒకటి రెండు మాత్రం నిజంగా లోపాలు కావచ్చు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక పూట చాలు. అయితే ఆ పని గడువు ముగిసేలోగా చేయాలి. అంతవరకు కీబోర్డు అడుగు పెట్టెను విప్పవద్దు, లోపల నూనె గానీ గ్రీజు గానీ పూయవద్దు. ఒకసారి గ్రీజు తగిలిన స్విచ్‌ను చూపించి ఇది మొదటి నుంచీ ఇలాగే ఉందని వాదించడం ఎవరి వల్లా కాదు.

ముందుగా ఈ తేడా పాత కీబోర్డులో ఎందుకు తెలియలేదో చూద్దాం. మామూలు కీబోర్డులో మీటలన్నిటి కిందా పరచిన రబ్బరు బుడిపెలే వేలిని ఎదిరిస్తాయి. ఆ ఎదురు మొరటుగా, ఎక్కువగా ఉంటుంది కనుక చిన్న చిన్న తేడాలు అందులో కలిసిపోతాయి. మెకానికల్ కీబోర్డులో అలా కాదు. మీ 87 మీటల కింద 87 వేర్వేరు స్విచ్‌లున్నాయి. ఒక్కో స్విచ్‌లో పైడొక్క, కిందిడొక్క (అంటే పై, కింది ప్లాస్టిక్ తొడుగులు), వాటి మధ్య కిందికీ పైకీ కదిలే కాండం, దాన్ని పైకి నెట్టే స్ప్రింగ్, మీట పడిందని చెప్పే లోహపు రేకు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి తేడాగా వచ్చినా వేలికి తెలుస్తుంది. ఈ తరహా స్విచ్‌కు మూలమైన చెర్రీ కంపెనీ లెక్క ప్రకారం, రంగుల పేర్లతో పిలిచే ఈ స్విచ్ రకాల్లో రెడ్ స్విచ్‌కు 45 సెంటీన్యూటన్లు, బ్రౌన్‌కు 55 సెంటీన్యూటన్ల బలం కావాలి, మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. ఒక సెంటీన్యూటన్ అంటే దాదాపు ఒక గ్రాము బరువు అనుకోవచ్చు. ఈ అంకెలు కచ్చితమైన కొలతలు కావు, కొంత ఎక్కువ తక్కువలను తయారీదారులే ఒప్పుకుంటారు. చెర్రీ పేటెంట్ గడువు తీరిన తరువాత అదే నమూనాలో స్విచ్‌లు చేస్తున్న కంపెనీలు ఎన్నో వచ్చాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, అచ్చులు అరిగేదాకా వాడి సరుకు దింపేవీ ఉన్నాయి.

బ్రౌన్ స్విచ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మీట సగం దారిలో వేలికి తగిలే చిన్న గుబ్బ దాని ప్రత్యేకత. ఆ గుబ్బ ఎంత చిన్నదంటే, కాండం గోడకు రాసుకుని వచ్చే గరగరనూ దాన్నీ వేరు చేసి గుర్తించడం కొత్తవారికి కష్టం. అందువల్ల డి, ఇ మీటలను ఈ విధంగా చూడండి. కీబోర్డును బల్ల మీద కదలకుండా పెట్టి, చూపుడు వేలి కొనను డి మీట నట్టనడుమ ఆనించి, మీట అడుగుకు చేరడానికి రెండు మూడు సెకన్లు పట్టేంత నెమ్మదిగా నొక్కండి. గుబ్బ ఒక్కచోట వచ్చి పోతుంది, గరగర మాత్రం పై నుంచి కింది దాకా ఉంటుంది. తరువాత అదే మీటను కింది అంచున నొక్కి చూడండి. నడుమ నున్నగా దిగి అంచున మాత్రమే గరగరలాడితే స్విచ్‌లో లోపం లేదు. సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే బిగుసుకున్నట్టే, పక్కకు ఒరిగిన కాండం గోడకు రాసుకుంటుంది, అంతే.

మీ పనిలో ఇది ఎక్కువగా తెలియడానికి కారణముంది. తెలుగుకూ ఒడియాకూ ఇన్‌స్క్రిప్ట్ అమరిక వాడేవారికి రెండు లిపుల అక్షరాలూ అవే మీటల మీద ఉంటాయి. తెలుగు 'క' ఉన్న కె మీటలోనే ఒడియా 'క' కూడా ఉంటుంది. మీ రాతపనికి ఇది గొప్ప సౌకర్యం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ప్రమాణంలో ఉన్న ఈ అమరిక గుణింతపు గుర్తులను ఎడమచేతికీ, హల్లులలో ఎక్కువ భాగాన్ని కుడిచేతికీ ఇచ్చింది. డి మీదే హలంత గుర్తు ఉంది కనుక, ఒత్తు వచ్చిన ప్రతిసారీ ఆ మీట పడాల్సిందే. దీర్ఘపు గుర్తు ఇ మీద ఉంది. ఈ రెండూ ఎడమచేతి నడిమి వేలివే, పైగా ఇ మీటకు వేలు పైకి చాపాలి, అప్పుడది మీట నడుమ పడకుండా కింది అంచున ఏటవాలుగా పడుతుంది. మీరు రోజూ అందరికన్నా ఎక్కువగా నొక్కే మీటలే మీకు గరగరలాడుతున్నట్టు తోచడంలో వింత లేదు. అయితే నట్టనడుమ నొక్కినా గరగర పోకపోతే అప్పుడు స్విచ్‌నే అనుమానించాలి.

ఆ అనుమానాన్ని తేల్చేది మార్పిడి పరీక్ష. దీనికి ఒకటే నియమం, ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి. మొదట కీక్యాప్‌లతో, అంటే స్విచ్‌ల పైన తొడిగే అక్షరాలున్న మూతలతో మొదలుపెట్టండి. డి, కె రెండూ ఒకే వరుసవి కనుక వాటి ఎత్తు, వాలు ఒకటే. కీబోర్డుతో వచ్చిన తీగ పుల్లర్‌తో రెండు క్యాప్‌లనూ నిలువుగా పైకి లాగి, ఒకదాని స్థానంలో ఇంకొకటి బిగించండి. గరగర క్యాప్‌తోపాటు కె మీదికి వెళ్లిపోతే తప్పు క్యాప్‌ది. దాని అడుగున ప్లస్ ఆకారపు గాడిలో ప్లాస్టిక్ ముక్క మిగిలి ఉండవచ్చు, లేదా అంచు పక్క మీటకు తగులుతూ ఉండవచ్చు. గరగర డి దగ్గరే ఉండిపోతే రెండో అడుగు వేయాలి.

రెండో అడుగు మీ కీబోర్డు హాట్‌స్వాప్ రకమైతేనే, అంటే స్విచ్‌లను సోల్డరింగ్ లేకుండా చేత్తోనే ఊడదీసి మార్చుకోగలిగేదైతేనే. సాధారణంగా పెట్టె మీద ఆ మాట రాసి ఉంటుంది, స్విచ్ పుల్లర్ కూడా పెట్టెలోనే ఇస్తారు. కంప్యూటర్ నుంచి తీగ ఊడదీసిన తరువాత డి స్విచ్‌ను, కె స్విచ్‌ను పైకి తీసి స్థానాలు మార్చండి. స్విచ్‌ను మళ్లీ పెట్టే ముందు దాని కింది రెండు రాగి కాళ్లను వెలుతురులో చూడండి. ఒకటి వంగి ఉంటే పట్టకారుతో నెమ్మదిగా నిటారు చేయాలి. వంగినదాన్ని అలాగే నొక్కితే అది సాకెట్లోకి దిగకుండా మడతపడుతుంది, బలవంతం చేస్తే సాకెట్ బోర్డు నుంచి ఊడివచ్చే ప్రమాదమూ ఉంది. మార్చాక గరగర స్విచ్ వెంట వెళ్లిందా, తప్పు స్విచ్‌దే. అలాంటివి రెండు మూడే అయితే కొత్తవి తెప్పించుకుని వేసుకోవచ్చు, కీబోర్డు మొత్తాన్ని వాపసు పంపనక్కర్లేదు. స్విచ్ మారినా గరగర డి స్థానంలోనే మిగిలితే, స్విచ్ కూర్చునే ప్లేటు రంధ్రం వంకరగా ఉండి డొక్కను నొక్కుతోందని అర్థం. అది మీరు బాగుచేయగలిగేది కాదు. స్విచ్‌లు సోల్డర్ చేసిన కీబోర్డయితే ఈ అడుగు జోలికి పోవద్దు.

ఎఫ్ మీట ఎత్తు విషయం నాకు అన్నిటికన్నా తేలికగా కనిపిస్తోంది. కీబోర్డును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, కంటి ఎత్తులో పట్టుకుని, ఆ వరుసను పక్క నుంచి చూడండి. క్యాప్ తీసేసినా స్విచ్ ఎత్తుగానే కనిపిస్తే, దాని రెండు వైపులా ఉండే కొక్కేలలో ఒకటి ప్లేటుకు పట్టుకోలేదు. హాట్‌స్వాప్ అయితే స్విచ్‌ను తీసి కాళ్లు చూసి, టక్కుమని పట్టేదాకా నిలువుగా నొక్కండి. స్విచ్ సమంగానే ఉండి క్యాప్ మాత్రమే ఎత్తుగా ఉంటే, క్యాప్‌ను అడుగు దాకా నొక్కితే చాలు.

కొన్ని మీటలు నున్నగానే ఉన్నా బరువు తేడాగా ఉన్నాయనిపిస్తే నాణేలతో కొలవవచ్చు. 2011 నమూనాలో వచ్చిన ఇత్తడి రంగు 5 రూపాయల నాణెం సరిగ్గా 6 గ్రాములు, వెడల్పు 23 మిల్లీమీటర్లు. మీటకూ మీటకూ మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లే కనుక, నాణెం దిగేటప్పుడు పక్క క్యాప్‌లకు తగలకుండా చుట్టూ ఉన్నవాటిని ముందు తీసివేయాలి. నోట్‌ప్యాడ్ తెరిచి, మీట మీద ఒక్కో నాణేన్ని కుదుపు లేకుండా పేరుస్తూ వెళ్లి, అక్షరం ఎన్నో నాణెం దగ్గర పడిందో రాసుకోండి. బ్రౌన్ స్విచ్ అయితే ఇంచుమించు తొమ్మిది నాణేల దగ్గర పడాలి. ఒక నాణెం తేడాను పట్టించుకోనక్కర్లేదు. రెండు నాణేల తేడాను నేనైతే భరిస్తాను. అంతకు మించితే మాత్రం ఆ స్విచ్‌లో వేరే రకం స్ప్రింగ్ పడి ఉంటుంది.

షిఫ్ట్ బరువును లోపంగా లెక్కించకండి. రెండు మీటల వెడల్పు, ఆపైన ఉన్న ప్రతి మీట కిందా స్విచ్‌తోపాటు స్టెబిలైజర్ ఉంటుంది. మీటను ఏ కొసన నొక్కినా రెండో కొస కూడా కలిసి దిగేలా చూసే ఉక్కు తీగ అది. తీగ బరువు, దాని రాపిడి కలిసి షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ మీటలు ఏ కీబోర్డులోనైనా అక్షరాల మీటలకన్నా మొద్దుగానే దిగుతాయి. ఖ, ఘ వంటి మహాప్రాణాలకు ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పదేపదే నొక్కాలి కనుక, దిగిన షిఫ్ట్ పైకి రాకుండా నిలిచిపోతోందా అన్నది ఒక్కటే గట్టిగా చూడండి. నిలిచిపోతే అది లోపమే.

స్పేస్‌బార్ లొడలొడ కూడా స్టెబిలైజర్ నుంచే వస్తుంది. స్పేస్‌బార్ పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, దాని కింది తీగ ఒక వైపు కొద్దిగా వంగినా ఆ కొసలో వదులు ఏర్పడి చప్పుడు చేస్తుంది. స్పేస్‌బార్‌ను రెండు కొసలా సమంగా పట్టి పైకి తీసి, అద్దం మీద పెట్టి కొసలను మార్చి మార్చి తట్టండి. అద్దం మీద అది ఊగుతుంటే క్యాప్ వంకరగా ఉంది. పీబీటీ ప్లాస్టిక్‌తో చేసిన పొడవాటి క్యాప్‌లు అచ్చులో చల్లారేటప్పుడు వంకరపోవడం తరచుగా జరిగేదే, అలాంటిదానికి మార్పిడి క్యాప్ అడగండి. ఊగకపోతే తీగే కారణం, దాన్ని తరువాత సరిచేసుకోవచ్చు.

వాడగా సర్దుకునేది ఒక్క గరగర మాత్రమే, అదీ కొంతవరకే. కాండం, గోడ ఒకదానికొకటి రాసుకుని నెలల తరబడిలో నునుపుదేరతాయి. ఎత్తు తేడా, స్ప్రింగ్ తేడా, వంకర క్యాప్ ఎన్నాళ్లు వాడినా మారవు. కొన్నాళ్లు వాడి చూడమని అమ్మకందారు ఇచ్చే సలహా గడువు దాటేలా చేస్తుంది కనుక, దాన్ని నమ్మి ఆగవద్దు. గోపాల్‌పూర్ తీరం దగ్గరుంది కదా అని ఉప్పుగాలిని కూడా అనుమానించకండి, పెట్టె తెరిచిన కొద్ది రోజుల్లో అది చేసే హాని ఏమీ ఉండదు. ఒక మీట నొక్కితే రెండు అక్షరాలు పడుతున్నా, నొక్కినా పడకపోతున్నా ఇంకేమీ పరీక్షించకుండా వెంటనే వాపసు పెట్టండి. ఫిర్యాదులో "మీటలు బాగాలేవు" అని రాస్తే లాభం లేదు. "డి స్థానంలో స్విచ్ మార్చినా, క్యాప్ మార్చినా గరగర పోలేదు" అని రాసి, నెమ్మదిగా నొక్కుతున్న చిన్న వీడియో జతచేయండి. మన ప్రాంతంలో కీబోర్డును చేతిలోకి తీసుకుని చూసే సర్వీస్ సెంటర్ కోసం భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో పోవాలి కనుక, ఆ వీడియోనే మీ సాక్ష్యం.

ఇదే విషయమై పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థి, మీటలు నున్నబడడానికి కుట్టుమిషన్ నూనె గానీ కొబ్బరినూనె గానీ వేయవచ్చా అని అడిగారు. రెండూ వద్దు. కుట్టుమిషన్ నూనె పలచన, కాండం మీద నిలవకుండా జారి లోహపు రేకును చేరుతుంది, అక్కడ దుమ్మును పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కనుక చలికాలపు ఉదయాల్లో మీటలు మరింత బిగుస్తాయి, పాతబడితే కంపు కొడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే వాడితే స్విచ్ పైడొక్కలోని పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ పగుళ్లు తీయవచ్చు. వాపసు గడువు దాటిపోయి, కీబోర్డు మీదేనని తేల్చుకున్న తరువాత, స్టెబిలైజర్ తీగ రెండు కొసలకు డైఎలక్ట్రిక్ (కరెంటును పారనివ్వని) గ్రీజు పూయండి, లొడలొడ చాలావరకు తగ్గుతుంది. స్విచ్‌లకైతే వాటి కోసమే అమ్మే క్రైటాక్స్ వంటి గ్రీజును సన్నని కుంచెతో కాండం పక్కలకు మాత్రమే పలచగా రాయాలి. బ్రౌన్ స్విచ్‌లో గుబ్బను కలిగించే కాండపు కాళ్లకు అది తగిలితే గుబ్బ మాయమవుతుంది. ముందు మీరు తక్కువగా వాడే స్క్రోల్‌లాక్, పాజ్ మీటల స్విచ్‌లతో చేయి కుదుర్చుకుని, ఆ తరువాతే అక్షరాల మీటలకు రండి.