చుట్టూ నీళ్లున్న ఊరు

ప్రశ్న: మాలి దేశంలోని జెన్నె పట్టణం ఒక ఫొటోలో దీవిలా, ఇంకో దాంట్లో ఎండిన మైదానంలా ఉంది. రెండూ ఒకే ఊరేనా? అక్కడ పాలన ఎవరిది?

జవాబు: ఒకే ఊరండీ. నైజర్ నదికి ఉపనదైన బానీ పక్కన పల్లపు నేలలో ఉంది కాబట్టి, వానలకి ఏరు పొంగితే నిజంగానే దీవైపోతుంది, నీళ్లు తీశాక మళ్లీ నేల తేలుతుంది. పాలన అంటారా, మోప్తి రీజియన్‌లో జెన్నె ఒక సెర్కిల్‌కి, అంటే మన జిల్లాలాంటి దానికి, కేంద్రం. సెర్కిల్‌కి ప్రభుత్వం నియమించే ప్రిఫెక్ట్ అనే అధికారి, దాని కింద ఉండే కమ్యూన్‌కి, అంటే స్థానిక పాలనా విభాగానికి, మేయర్. ఇదంతా ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిన వరస. కానీ ఊరి అసలు బలం పేటల్లో ఉందని నేనంటాను. 1907లో ఇప్పటి రూపానికొచ్చిన పెద్ద మట్టి మసీదుకి ఏటా వానలకి ముందు కొత్త పూత వేయాలి కదా, అప్పుడు చూడాలి: ఊకతో కలిపి నానబెట్టిన బురదని పేటల కుర్రాళ్లు పోటీలు పడి బుట్టల్లో పరిగెత్తిస్తుంటే, గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి దూలాలెక్కి మేస్త్రీలు చేత్తో మెత్తుతారు. 1988లో యునెస్కో ఈ ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో, అక్కడి అశాంతి వల్ల, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకీ ఎక్కింది, అదే బాధ.