సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబుకు కరెంట్ పెట్టిస్తే నడక బాగుపడుతుందా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి అడిగారు: సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు సరిగా రాని స్థితి) ఉన్న ఆరేళ్ల బాబుకు నడిచేటప్పుడు కాలివేళ్లు నేలకు రాసుకుంటున్నాయి, ఫిజియోథెరపీలో కండకు సన్నటి కరెంట్ పెట్టిస్తే తగ్గుతుందా?

తగ్గొచ్చమ్మా, చేత్తో ఎత్తితే పాదం పైకి వంగుతుంటేనే. చీలమండ బిగుసుకుపోయి ఉంటే ముందు దాన్ని సాగదీయాలి.

కరెంట్ ఇచ్చే అంటుకునే ప్యాడ్లు రెండు ఉంటాయి: ఒకటి మోకాలి కింద బయటివైపు బుడిపెకు దిగువన, రెండోది కాలి ముందు కండ మీద. సాధారణంగా 30–40 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు కరెంట్ తాకడం) పెడతారు. పాదం పక్కకు తిరగకుండా తిన్నగా పైకి లేవాలి. బయటికి తిరిగిపోతుంటే ప్యాడ్ కొద్దిగా ముందుకు జరపాలి. ముఖ్యంగా, మడమ నేల విడిచిన క్షణంలోనే కరెంట్ రావాలి, అందుకే బూటులో స్విచ్ పెడతారు. కూర్చోబెట్టి పెట్టే కరెంట్ కండకు బలమిస్తుందేమో గానీ, అదొక్కటే నడక నేర్పదు.

ఎండాకాలం చెమటకు ప్యాడ్ అంచు లేచి చురుక్కుమంటుంది; చర్మం కడిగి, ఆరాక అతికించండి. ఫిట్స్ ఉంటే డాక్టరును అడగందే మొదలుపెట్టొద్దు. ప్యాడ్ చోటును భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) ఫిజియోథెరపిస్టుతో పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.