ఏ పరీక్షకు కూర్చోవాలో తేల్చుకునే ముందు

చి.ల.సౌ. మాధవికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఉద్యోగం మానేసి సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ)లో చేరనా, సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన పరీక్ష) రాయనా, అప్పు చేసి ఎంబీఏకు వెళ్లనా అని అడిగావు. బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి, పదోన్నతుల ఇంటర్వ్యూల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ఆలోచన కోర్సు పేరుతో కాదు, నువ్వు చేరాలనుకుంటున్న పోస్టుతో మొదలవ్వాలి. గచ్చిబౌలిలో రోజూ ఫండ్ల ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) లెక్కలు సరిచూస్తున్న నీకు ముందున్న దారులు రెండు. లెక్కల వైపే ఉండి రిపోర్టింగ్, ఆడిట్ బాధ్యతలకు ఎదగడం ఒకటి. ఏ షేరు కొనాలి, ఏ కంపెనీకి డబ్బివ్వాలి అని తేల్చే విశ్లేషణ వైపు మళ్లడం రెండోది. ఆ పోస్టులకు వచ్చిన ప్రకటనలు ఓ పది తెరిచి, అర్హతల దగ్గర ఏమడిగారో రాసుకుంటే సగం సందేహం అక్కడే తీరుతుంది.

లెక్కల వైపే అయితే మన దేశంలో సీఏకు సాటి లేదు. బీకాంలో నీకు 55 శాతం దాటింది కనుక మొదటి దశ అయిన ఫౌండేషన్ అక్కర్లేకుండా నేరుగా రెండో దశ సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. జాగ్రత్తగా ఆలోచించవలసింది ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ గురించి. కొత్త విధానంలో అది మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గినా, ఆ రెండేళ్లూ మరో ఉద్యోగం చేయడానికి వీల్లేదు, చేతికి వచ్చేది స్టైపెండ్ మాత్రమే. సీఏ ఇంటర్మీడియట్ పేపర్ల రెండు గ్రూపులూ గట్టెక్కాకే అది మొదలవుతుంది కాబట్టి అంతవరకు జీతం వదులుకోవద్దు. ఒక్కో పేపరులో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలనే నిబంధన వల్ల అన్ని పేపర్లలోనూ 40 దాటి కూడా గ్రూపు తప్పేవారుంటారు. ఆ ఆలస్యాన్ని కూడా ముందే లెక్కలో కలుపుకో. జీతం ఆగితే ఇల్లు గడవదనుకుంటే, ఉద్యోగం చేస్తూనే చదువుకోగల సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ)ను తక్కువగా చూడకు.

విశ్లేషణ మీద మనసుంటే సీఎఫ్ఏ సరైనది. మూడు అంచెలు, ఒక్కో అంచెకు సుమారు 300 గంటల చదువు, అంటే రోజుకు రెండు గంటల చొప్పున ఐదు నెలలు. ఫీజులు డాలర్లలో కట్టాలి. మూడూ పాసైనంత మాత్రాన చార్టర్, అంటే పేరు పక్కన సీఎఫ్ఏ అని రాసుకునే అర్హత, చేతికి రాదు. పెట్టుబడి నిర్ణయాలకు తోడ్పడే పనిలో కనీసం 36 నెలల కాలంలో 4,000 గంటల అనుభవం చూపించాలి. నీ ఎన్ఏవీ పని ఆ కోవలోకి వస్తుందో లేదో ఫీజు కట్టకముందే సీఎఫ్ఏ నిర్వహించే సంస్థను అడిగి తెలుసుకో. ఈ పని నీకు నచ్చుతుందా అన్నది తేలాలంటే, ముందు తక్కువ ఖర్చుతో అయిపోయే ఎన్ఐఎస్ఎం (షేర్ మార్కెట్ చదువుల సంస్థ) వారి రీసెర్చ్ ఎనలిస్ట్ పరీక్ష రాసి చూడు.

ఎంబీఏ అంటావా, కంపెనీలు వెతుక్కుంటూ వచ్చే కాలేజీలో సీటు వస్తే తప్ప దానికోసం అప్పు చేయవద్దు.

ఏది చదివినా బ్యాలెన్స్ షీటును చేత్తో తిరగేసే అలవాటు తప్పనిసరి. ఒక రైస్ మిల్లు తన రుణ పరిమితి పెంచమని దరఖాస్తు పెట్టినప్పుడు, పరీక్షలన్నీ పాసైన అధికారి ఒకరు కరెంట్ రేషియో (ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో పోలిస్తే ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తులు ఎన్ని రెట్లో చెప్పే లెక్క) మెరుగుపడిందని సిఫారసు రాశారు. కొత్తగా చేరిన అమ్మాయి మిల్లుకు రావలసిన బాకీల జాబితాలో తేదీలు చూసి, ఆ రేషియో పెరిగింది ఏడాదిగా వసూలు కాని బాకీలను కూడా ఆస్తుల్లో కలపడం వల్లేనని చెప్పింది. తర్వాతి పదోన్నతి ఇంటర్వ్యూలో ఆ అమ్మాయిని నేను అడగవలసిన ప్రశ్నలు పెద్దగా మిగల్లేదు.

మీ తమ్ముడి విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉన్నాడు కనుక బ్యాంకు ఉద్యోగుల కోసం పెట్టే పరీక్షలు జేఏఐఐబీ, ఆ తర్వాత సీఏఐఐబీ రాయమను. ఇంక్రిమెంట్లూ వస్తాయి, పనికీ పనికొస్తాయి.

ప్రకటనల్లో చూసిన అర్హతలు, నెలకు నీకు మిగిలే మొత్తం రెండూ రాసి పంపు. వాటిని చూశాక ఏ పరీక్షకు ఎప్పుడు కట్టాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న