ఏరోనాటికల్ సీటా, మెటలర్జీ సీటా? యుద్ధవిమానం తయారీలో పనిచేయాలనుకునే విద్యార్థినికి

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మన దేశం సొంతంగా తయారు చేయబోతున్న ఐదో తరం యుద్ధవిమానం మీద పనిచేయాలని ఆమె పట్టుదల. జేఈఈ మెయిన్‌లో వచ్చిన మార్కులను బట్టి వరంగల్ నిట్‌లో మెటలర్జీ సీటు రావచ్చని వాళ్ళ సార్లు అంటున్నారు. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో ఏరోనాటికల్ సీటు ఇస్తామంటున్నారు. దానికి డబ్బు కట్టాలంటే ఎకరం భూమి అమ్మాలి. ఈ విమానానికి ఇంజన్ విదేశీ కంపెనీతో కలిసి చేస్తారని పేపర్లో చదివాను. అసలైన పని వాళ్ళే చేస్తే మన పిల్లలకు మిగిలేది ఏమిటి? ఏ సీటు తీసుకోమంటారు?
– ఒక పత్తి రైతు, పరకాల

జవాబు: భూమి అమ్మవద్దు. వరంగల్ నిట్‌లో మెటలర్జీ సీటు వస్తే, మీ అమ్మాయి కోరుకుంటున్న పనికి అదే దగ్గరి దారి అని నా అభిప్రాయం. పేరులో విమానం ఉన్న కోర్సును వదిలి లోహాల కోర్సులో చేరమంటే ఆమెకు నిరాశగా ఉండవచ్చు కాబట్టి, కారణాలు కొంత వివరంగా రాస్తున్నాను. విదేశీ భాగస్వాముల గురించి మీరు అడిగిన ప్రశ్నలోనే ఆ కారణాలు ఉన్నాయి గనుక ముందు దాని సంగతి చూద్దాం.

మీ అమ్మాయి చెబుతున్న విమానం ఆమ్కా, అంటే అడ్వాన్స్‌డ్ మీడియం కాంబాట్ ఎయిర్‌క్రాఫ్ట్. దీని రూపకల్పనకూ తొలి నమూనాల తయారీకీ కేంద్ర మంత్రివర్గ భద్రతా సంఘం 2024 మార్చిలో సుమారు 15,000 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ దీనిని రూపొందిస్తోంది. తయారీ కోసం ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు సమానంగా పోటీ పడే విధానాన్ని 2025 మే నెలలో రక్షణ మంత్రి ఆమోదించారు. రెండు ఇంజన్లతో, దాదాపు 25 టన్నుల బరువుతో, శత్రువు రాడార్‌కు సులభంగా చిక్కని ఆకారంతో ఉండే ఈ విమానం 2035 ప్రాంతంలో వాయుసేన చేతికి అందాలన్నది లక్ష్యం. విమానం ఆకారం, రెక్కలు, దానిని నడిపించే కంప్యూటర్ వ్యవస్థ మనవే. మొదటి విమానాలకు ఇంజన్ మాత్రం అమెరికాకు చెందిన జీఈ ఎఫ్-414. ఆ తరువాతి విమానాలకు విమానాన్ని ముందుకు నెట్టే బలం 110 నుంచి 120 కిలోన్యూటన్లు ఉండే కొత్త ఇంజన్ కావాలి. దానిని ఫ్రాన్స్ సంస్థ సాఫ్రాన్‌తో కలిసి మన దేశంలోనే తయారు చేసే దిశగా వెళ్తున్నామని 2025 ఆగస్టులో రక్షణ మంత్రి చెప్పారు. మీరు చదివిన వార్త బహుశా అదే.

ఇన్ని చేయగలిగిన దేశానికి ఇంజన్ దగ్గర మాత్రం ఎందుకు చేయూత కావలసి వచ్చిందో మీ అమ్మాయి తప్పకుండా తెలుసుకోవాలి. మన తేలికపాటి యుద్ధవిమానం తేజస్ కోసం కావేరీ అనే ఇంజన్‌కు మన ప్రభుత్వం 1989లోనే అనుమతి ఇచ్చింది. కావలసినంత శక్తి రాలేదు, బరువు తగ్గలేదు, చివరికి 2008లో దానిని తేజస్ నుంచి వేరు చేయవలసి వచ్చింది. అక్కడ పనిచేసినవారికి తెలివి తక్కువై ఇలా జరగలేదు. ఇంజన్ లోపల మండిన వాయువులు తగిలే టర్బైన్ రెక్కలు నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతూ, తాము తయారైన లోహం కరిగే ఉష్ణోగ్రతను మించిన వేడిని తట్టుకోవాలి. మామూలుగా పోత పోసిన లోహంలో లెక్కలేనన్ని చిన్న చిన్న స్ఫటికాలు ఉంటాయి. ఆ వేడిలో, ఆ లాగుడులో స్ఫటికాల మధ్య హద్దుల దగ్గరే లోహం మెల్లగా సాగి పగులుతుంది. అందుకని రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పెంచి, దాని లోపల గాలి పారే సన్నని దారులు పెట్టి, పైన పింగాణీ జాతి పూత పూస్తారు. ఈ విద్యను పూర్తిగా చేతిలో పెట్టుకున్న దేశాలు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కించేటన్నే ఉన్నాయి, అవి దానిని ఎవరికీ సులభంగా చెప్పవు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం, డీఎంఆర్ఎల్, హెలికాప్టర్ ఇంజన్ కోసం ఇలాంటి ఏకస్ఫటిక రెక్కలను తయారు చేసి 2021లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు అందించింది. యుద్ధవిమానపు ఇంజన్‌కు ఇంకా పెద్ద మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు లోహశాస్త్రం చదివినవారు లేకుండా ఎక్కలేనిది.

భాగస్వామ్యం అన్న మాటకు చాలా అర్థాలున్నాయి కాబట్టి పేపర్లో ఆ పదం కనిపించినప్పుడు ఏ రకం భాగస్వామ్యమో చూడాలి. మీరు పత్తి వేసేవారు కాబట్టి ఇది మీకు వెంటనే అర్థమవుతుంది. హైబ్రిడ్ విత్తనంతో పంట మీ చేనులోనే పండుతుంది, కష్టం మీదే, కానీ ఆ పంట నుంచి తీసిన గింజ మళ్ళీ వేస్తే అదే దిగుబడి రాదు, ఎందుకంటే తల్లి విత్తనాలు కంపెనీ దగ్గరే ఉంటాయి. లైసెన్సు మీద విమానాలు, ఇంజన్లు తయారు చేయడం ఇంతవరకు చాలాసార్లు అలాగే సాగింది. కలిసి రూపకల్పన చేయడం వేరు. అందులో డిజైన్ లెక్కలు, పరీక్షల ఫలితాలు, రేపు మార్పు చేసుకునే హక్కు మన దగ్గర ఉండాలి. ఇవి ఒప్పందంలో ఉన్నాయా లేవా అన్నదే అసలు విషయం, మిగిలినదంతా కరచాలనాల ఫోటోలు.

ఈ విషయంలో మనకూ, ఇతరులకూ అనుభవం తక్కువేమీ కాదు. రష్యాతో కలిసి ఐదో తరం విమానం చేయాలని 2010లో ప్రాథమిక డిజైన్ ఒప్పందం కుదుర్చుకొని, 29.5 కోట్ల డాలర్ల వాటా పెట్టి, పనిలోనూ సాంకేతికతలోనూ మన వంతు సంతృప్తికరంగా లేక 2018లో మన దేశం బయటికి వచ్చింది. ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ కలిసి తలపెట్టిన విమానంలో పని ఎవరికెంత అన్న తగవు దాసో, ఎయిర్‌బస్ సంస్థల మధ్య ఏళ్ళ తరబడి బహిరంగంగానే సాగింది. దక్షిణ కొరియా కేఎఫ్-21 విమానం ఖర్చులో ఐదో వంతు భరిస్తానన్న ఇండోనేషియా, చెల్లింపులు ఆలస్యం చేసి చివరికి తన వాటాను బాగా తగ్గించుకుంది. రష్యా క్షిపణి రక్షణ వ్యవస్థ కొన్నందుకు 2019లో అమెరికా తుర్కియేను తన ఎఫ్-35 యుద్ధవిమాన కార్యక్రమం నుంచే తప్పించింది. ఆ తుర్కియే సొంతంగా చేసుకున్న కాన్ విమానం 2024 ఫిబ్రవరిలో తొలిసారి ఎగిరినప్పుడు దానికి అమర్చిన ఇంజన్లు అమెరికావే. బ్రిటన్, ఇటలీ, జపాన్ 2022 డిసెంబరులో చేతులు కలిపిన యుద్ధవిమాన కార్యక్రమం ఎలా సాగుతుందో చూడాలి.

అయితే మీ అమ్మాయికి నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది తేజస్ నియంత్రణ వ్యవస్థ సంగతి. తేజస్ తనంతట తాను స్థిరంగా ఎగరలేని విధంగా కావాలనే రూపొందించిన విమానం. కంప్యూటర్ ప్రతి క్షణం సరిదిద్దుతూ ఉంటేనే అది గాలిలో నిలుస్తుంది. ఆ నియంత్రణ సూత్రాల పనిలో మన ఇంజనీర్లు అమెరికాలోని ఒక సంస్థతో కలిసి పనిచేస్తుండగా, 1998లో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగాయి, అమెరికా ఆంక్షలు విధించింది, మనవాళ్ళను తిప్పి పంపేశారు. ఆ పనిని బెంగళూరులో మన బృందమే పూర్తి చేసింది. 2001 జనవరి 4న తేజస్ ఎగిరింది. భాగస్వామి తలుపు మూసిన రోజున పని ఆగిపోకుండా ఉండాలంటే, ఆ పని లోతు తెలిసిన మనుషులు ముందే మన దగ్గర ఉండాలి. అప్పుడు ఉన్నారు కాబట్టి విమానం ఎగిరింది. ఇంజన్ విషయంలో అంత లోతుగా తెలిసినవారు చాలినంతమంది లేకపోవడం వల్ల ఇప్పటికీ ఎదురుచూస్తున్నాం. తేజస్ కోసం 2021లో జీఈకి 99 ఇంజన్లకు ఆర్డర్ ఇస్తే, వాటిలో మొదటిది 2025 మార్చిలో వచ్చింది.

కాబట్టి మన పిల్లలకు ఏమి మిగులుతుందన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: ఏ దేశంతో ఒప్పందం కుదిరినా, నేర్చుకునేవాడికి బలం ఉన్నంత మేరకే నేర్పేవాడు ఇవ్వగలడు, ఇస్తాడు. ఇక్కడ లోహాన్ని కరిగించి, పోత పోసి, పరీక్షించి, పగిలితే ఎందుకు పగిలిందో చెప్పగలవారు ఎంతమంది ఉంటే అంత సాంకేతికత నిజంగా చేతులు మారుతుంది. అలాంటి పని చాలా వరకు మన రాష్ట్రంలోనే ఉంది. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ పక్కనే టైటానియం, నికెల్ మిశ్రమలోహాలు తయారు చేసే మిధాని 1973 నుంచి ఉంది. సాఫ్రాన్‌కు హైదరాబాద్‌లో ఇంజన్ విడిభాగాల కర్మాగారం ఉంది. రఫేల్ విమానాల ప్రధాన దేహభాగాలను (ఫ్యూసెలాజ్) హైదరాబాద్‌లో తయారు చేయడానికి దాసో, టాటా సంస్థలు 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. తేజస్ మార్క్-1ఏ మధ్యభాగాన్ని తయారు చేసి ఇచ్చిన వెమ్ టెక్నాలజీస్ కూడా హైదరాబాద్ సంస్థే. ఉత్తర తెలంగాణకు ఈ విద్య కొత్తదీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు.

ఇక సీటు సంగతి. వరంగల్ నిట్ 1959లో దేశంలోని మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైంది. అక్కడ బీటెక్‌లో ఏరోనాటికల్ శాఖ లేదు. ఆ సంగతి చూసి చాలామంది విమానం మీద ఆశ వదులుకుంటారు, అది తొందరపాటు. మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో చేరి, మూడో ఏడాది నుంచి అధిక ఉష్ణోగ్రత లోహాలు, ఘనీభవనం, లోహ వైఫల్య విశ్లేషణ వంటి అంశాల మీద దృష్టి పెట్టి, వేసవిలో డీఎంఆర్ఎల్‌లో గాని మిధానిలో గాని శిక్షణకు ప్రయత్నించి, ఆఖరి ఏడాదిలో ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్షలో మెటలర్జీ పేపర్ రాయాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి ఉద్యోగాలకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ ఆధారంగా ఎంపిక జరుగుతుంది, వాటిలో మెటలర్జీ వారికి పోస్టులు ఉంటాయి. అదే గేట్ స్కోరుతో ఐఐఎస్‌సీలోనో ఐఐటీలోనో ఎంటెక్ కూడా చేయవచ్చు. పరిశోధన మీద ఇష్టం ఉంటే పీహెచ్‌డీ వరకు వెళ్ళమనే చెబుతాను. ఈ రంగంలో ఆ చదువు వృథా పోదు.

ఏరోనాటికల్ చదవడమే తప్పని నా ఉద్దేశం కాదు. మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లోనో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో ఆ సీటు వస్తే నేను వేరే మాట అనేవాణ్ణి కాదు. కానీ నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే సరైన గాలిసొరంగం లేక, ఇంజన్ పరీక్షించే వసతి లేక, పుస్తకంలో బొమ్మలు చూపించి నాలుగేళ్ళు గడిపే కళాశాలలో లక్షలు పోసి ఆ పేరు కొనుక్కోవడం వల్ల లాభం లేదు. పైగా చదువు అయ్యాక అటు మెకానికల్ ఉద్యోగాలకూ ఇటు సాఫ్ట్‌వేర్‌కూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. మీకు సీటు ఇస్తామన్న కళాశాలకు ఒకసారి వెళ్ళి ప్రయోగశాలలు చూపించమని అడగండి. గత మూడేళ్ళలో ఏరోనాటికల్ విద్యార్థులు ఎక్కడ ఉద్యోగంలో చేరారో కంపెనీ పేర్లతో చూపించమనండి. ఏరోనాటికల్‌లో చేరే అమ్మాయిలకు డీఆర్‌డీఓ ఒక ఉపకారవేతన పథకాన్ని 2019లో ప్రకటించింది, ఆ శాఖలో చేరితే దాని సంగతి కూడా కనుక్కోండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్క విమానం పేరు మీద జీవితం కట్టుకోవద్దని ఆమెకు చెప్పండి. తేజస్ పని 1983లో మొదలై, మొదటి దళం 2016 జూలైలో ఏర్పడింది. ఆమ్కా అంత ఆలస్యం కాకూడదని అందరం కోరుకుంటాం, కానీ ఆలస్యమైనా ఆమె నేర్చుకున్న లోహవిద్యకు గిరాకీ తగ్గదు. అంతరిక్షం, అణువిద్యుత్తు, గ్యాస్ టర్బైన్లు, క్షిపణులు అన్నిటికీ అదే విద్య కావాలి. ఆడపిల్ల కదా అని ఇంట్లో ఎవరైనా వెనుకాడితే, హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలో అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా పనిచేసిన టెస్సీ థామస్ పేరు చెప్పండి.

బీటెక్ అయ్యాక అమెరికాలో ఎంఎస్ అన్న మాట మన ఇళ్ళలో తప్పక వస్తుంది. ఆ దేశంలో యుద్ధవిమానాల పనిలో విదేశీయులకు దాదాపు ప్రవేశం ఉండదు, అక్కడి ఎగుమతి చట్టాలు అలాంటివి. మన డీఆర్‌డీఓలో చేరాలన్నా భారత పౌరసత్వం తప్పనిసరి. కాబట్టి ఆమె కోరిక నిజంగా మన యుద్ధవిమానమే అయితే, చదువు కోసం వెళ్ళినా పౌరసత్వం మార్చుకునే ఆలోచన పెట్టుకోకూడదు.

నిట్ సీటు చేజారితే టీజీ ఈఏపీసెట్ ద్వారా జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో గాని జగిత్యాలలో గాని మెకానికల్ లేదా ఎలక్ట్రానిక్స్ తీసుకోవచ్చు. రాడార్‌కూ నియంత్రణ వ్యవస్థకూ ఎలక్ట్రానిక్స్, గణితం బాగా వచ్చినవారు కావాలి. మడికొండ ఐటీ పార్కులో కేంద్రం ఉన్న సైయెంట్ లాంటి సంస్థలు విమాన ఇంజన్ల డిజైన్ సేవలు చేస్తాయి కాబట్టి మెకానికల్ వారికి ఊరి దగ్గర కూడా దారి ఉంటుంది.

ఐఐటీ, నిట్ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు వరంగల్ నిట్‌లో మెటలర్జీని ముందు, మెకానికల్‌ను దాని వెంటనే పెట్టండి. మెకానికల్ వచ్చినా ఇంజన్ల వైపు దారి తెరిచే ఉంటుంది. గత ఏడాది ముగింపు ర్యాంకులు చూసేటప్పుడు సొంత రాష్ట్ర కోటాలో అమ్మాయిల సీట్ల వరుసను విడిగా చూడండి, అక్కడ అవకాశం ఎక్కువగా కనిపిస్తుంది. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే నిట్‌లో ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుంచి ఐదు లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది. ఎకరం అమ్మే అవసరమే రాకపోవచ్చు. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో ఈ వారమే దరఖాస్తు పెట్టండి, కౌన్సెలింగ్ రోజుల్లో తహసీల్ కార్యాలయం దగ్గర రద్దీ పెరుగుతుంది.